ఒడిశా షాపులకీ ఆంధ్రా షాపులకీ ఒకటే ఆఫర్ లిస్టు కుదరట్లేదు, మీరెలా చేస్తున్నారు?

ప్రశ్న: గంజాం_కిరాణా

అందరికీ నమస్కారం. మావి కిరాణా, ఇంటి సామాన్ల షాపులు. బరంపురంలో పెద్దది ఉంది, గోడౌన్ కూడా అక్కడే, పర్లాకిమిడి, రాయగడల్లో ఒక్కోటి, ఇటు ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం, పలాస. ఓనర్ గారి తరఫున కొనుగోళ్లు, ఆఫర్లు చూసేది నేను. ఇప్పటిదాకా పద్ధతి ఏంటంటే, ఓనర్ గారు డిస్ట్రిబ్యూటర్లతో మాట్లాడి ఒక ముప్పై నలభై ఐటమ్స్ ఖాయం చేస్తారు, ఒకటే కరపత్రం అటు ఒడియాలో ఇటు తెలుగులో కొట్టిస్తాం, సరుకు ఐదు షాపులకీ దాదాపు సమానంగా పంపేస్తాం.

పోయిన దసరాకి కూడా అదే చేశాం. సన్‌ఫ్లవర్ నూనె మీద తగ్గింపు పెడితే ఇచ్ఛాపురంలో మూడో రోజుకే ఖాళీ, రాయగడలో పండగ అయ్యాక కూడా కేసులు విప్పకుండా ఉన్నాయి, ఎందుకంటే అక్కడ వచ్చినవాళ్లు ఆవనూనె ఏదని అడుగుతున్నారు. పలాసలో ఆవనూనె సీసాలు దుమ్ము పట్టాయి. పెద్ద ప్యాకెట్ డిటర్జెంట్ బరంపురంలో బాగా కదిలింది, రాయగడలో ఎవరూ ముట్టుకోలేదు. దీనికన్నా బాధ ఏంటంటే కరపత్రం చేత్తో పట్టుకుని వచ్చిన మనిషికి, ఇది మా షాపులో లేదండీ అని కౌంటర్ కుర్రాడు చెప్పాల్సి రావడం. ఆ మనిషి మళ్లీ మన షాపు గడప తొక్కుతాడా?

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక ఐటమ్‌ని ఏ షాపులో అమ్మాలో ఒకచోట పెట్టుకోవచ్చు, ఒక ఆఫర్ ఏ షాపులకి వర్తించాలో ఇంకొకచోట పెట్టుకోవచ్చు. ఇన్నాళ్లూ రెండుచోట్లా 'అన్ని షాపులు' అనే పెట్టి ఉంది. షాపుకొక లిస్టు విడిగా చేస్తే ఐదు లిస్టులు, ఐదు కరపత్రాలు, నెలకి రెండు ఆఫర్లంటే నాకు వేరే పని ఉండదు. రాష్ట్రానికొక లిస్టు చాలంటారా? లేక ఇంకేదైనా దారి ఉందా? ఇలా నాలుగైదు షాపులు నడిపే వాళ్లు ఎవరైనా వివరంగా చెప్పండి.

జవాబు: రాయగడ_బజార్

అన్నా, నేను రాయగడలోనే ఉంటాను, ఇంకో చైన్‌లో కొనుగోళ్లు చూస్తాను, కాబట్టి ఈ బాధ నాకు కొత్త కాదు. ముందు ఒక మాట. రాష్ట్రం గీత ప్రకారం విడగొట్టకండి. బిల్లుల్లో, పన్నుల్లో ఆ గీత ముఖ్యం, కొనేవాళ్ల సంచిలో కాదు. పర్లాకిమిడి ఒడిశాలోనే ఉంది గానీ పక్కనే పాతపట్నం, రోజూ అటువాళ్లు ఇటు ఇటువాళ్లు అటు, అక్కడి షాపులో సగం బేరం తెలుగు ఇళ్లది. దాన్ని రాయగడతో కలిపి ఒడిశా లిస్టులో వేస్తే ఇడ్లీ రవ్వ మీద ఆఫర్ ఉండదు, వాళ్లకి కావలసింది అదే. రాయగడలో కూడా తెలుగువాళ్లు తక్కువేం కాదు, కాకపోతే సంత రోజున కొండ మీద ఊళ్ల నుంచి దిగేవాళ్ల బేరం మీద షాపు నిలబడుతుంది. వాళ్లు ఐదు రూపాయల, పది రూపాయల ప్యాకెట్లు కొంటారు. చేతిలో ఆ రోజు అమ్మిన సరుకు డబ్బులు ఉంటాయి, అందులోనే నూనె, ఉప్పు, సబ్బు, పిల్లలకి బిస్కెట్లు అన్నీ రావాలి. వాళ్లకి మూడు కిలోల డిటర్జెంట్ మీద ఎంత తగ్గించినా ఉపయోగం లేదు, అదే కంపెనీ పది రూపాయల ప్యాకెట్లు ఐదు కొంటే ఒకటి ఉచితం అని పెట్టి చూడండి.

అందుకని నేను చేసేది ఇది. షాపులకి గుర్తులు పెట్టుకుంటాను, ఒక షాపుకి ఒకటి కన్నా ఎక్కువ గుర్తులు ఉండొచ్చు. 'ఆవనూనె షాపు', 'సన్‌ఫ్లవర్ షాపు', 'చిన్న ప్యాకెట్ షాపు', 'నెల సరుకుల షాపు', ఇలాగ. మీ లెక్కన బరంపురానికి మొదటి రెండూ, నాలుగోదీ వస్తాయి. పర్లాకిమిడికి మొదటి రెండూ వస్తాయి. రాయగడకి ఆవనూనె, చిన్న ప్యాకెట్. ఇచ్ఛాపురం, పలాసలకి సన్‌ఫ్లవర్, నెల సరుకులు. మీ సాఫ్ట్‌వేర్‌లో షాపుల గ్రూపులు అని ఉంటుంది చూడండి, ఒకే షాపుని రెండు మూడు గ్రూపుల్లో పెట్టనిస్తుంది చాలావరకు. ఆఫర్‌ని షాపుకి కాదు, గ్రూపుకి తగిలించండి. అప్పుడు ఐదు లిస్టులు అక్కర్లేదు, ఒకటే పెద్ద లిస్టులో ప్రతి వరుసకీ ఏ గ్రూపో రాసి ఉంటుంది. రేపు ఆరో షాపు తెరిచినా దానికి గుర్తులు తగిలిస్తే చాలు, ఆఫర్లు వాటంతటవే వచ్చేస్తాయి.

రెండోది, చాలామంది పట్టించుకోనిది. అమ్మకం లిస్టు, ఆఫర్ లిస్టు రెండూ వేరువేరు అని మీరే రాశారు. ఆ రెంటి తేదీలూ పోల్చి చూడండి. పండగ కోసం మాత్రమే తెచ్చే ఐటమ్స్ ఉంటాయి కదా, గిఫ్ట్ ప్యాక్‌లు, బెల్లం పెద్ద అచ్చులు లాంటివి, వాటికి అమ్మకం లిస్టులో కూడా మొదలు, ముగింపు తేదీలు పెడతాం. ఆఫర్ 20 దాకా ఉండి, అమ్మకం 18తో ముగిస్తే 19న బార్‌కోడ్ కొట్టగానే ఐటమ్ లేదని వస్తుంది, ర్యాక్‌లో మాత్రం కనిపిస్తూ ఉంటుంది, కౌంటర్ దగ్గర గొడవ. అమ్మకం తేదీ ఎప్పుడూ ఆఫర్ కన్నా వారం ముందు మొదలవ్వాలి, ఆఫర్ అయ్యాక ఇంకో మూడు నాలుగు వారాలు ఉండాలి, మిగిలింది అమ్ముకోవాలిగా.

ఇంకోటి, కంపెనీ ఇచ్చే స్కీమూ, మీ షాపు సొంత ఆఫరూ ఒకే ఐటమ్ మీద పడితే రెండూ కలిపి తగ్గాలా, ఏది ఎక్కువైతే అదే తగ్గాలా అన్నది సాఫ్ట్‌వేర్‌లో ముందే తేల్చి పెట్టుకోండి. ఇది ఖాళీగా వదిలేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు రెండూ తగ్గించేస్తాయి, లాభం మొత్తం అక్కడే పోతుంది.

జవాబు: పర్లాకిమిడి_అమ్మాయి

పై ఆయన చెప్పింది నిజం, పర్లాకిమిడి గురించి అయితే నూటికి నూరు పాళ్లు. నేను మా వారు కలిసి ఇక్కడే షాపు నడుపుతున్నాం, ఒకటే షాపు గానీ రెండు రకాల బేరం. తమ్ముడూ, మీరు సరుకు గురించే అడిగారు, నేను తేదీల గురించి చెప్తాను, ఎందుకంటే సరుకు సరిగ్గా ఎంచుకుని తేదీ తప్పితే కూడా అదే నష్టం.

ఒడియా వాళ్లది పౌర్ణమితో ముగిసే నెల, మనది అమావాస్యతో ముగిసే నెల. కార్తీకం చూడండి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది, మన కార్తీకం 22న మొదలై నవంబరు 20 దాకా నడిచింది. ఒడియా ఇళ్లల్లో మాత్రం కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పౌర్ణమి, అవగానే, అంటే ఇంచుమించు రెండు వారాల ముందే, కార్తీకం మొదలైపోయింది, నవంబరు 5 పౌర్ణమితో అయిపోయింది. ఆ నెల వాళ్లు నీచు ముట్టరు, చాలామంది ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు, పెద్దవాళ్లు హవిష్యం అని పచ్చి బియ్యం, పెసరపప్పు, నెయ్యితో ఒంటిపూట. నెల మొత్తం పాటించలేని వాళ్లు చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, అప్పుడైనా తప్పకుండా పాటిస్తారు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి, ఆ రోజు చికెన్, మటన్ కొట్ల ముందు నిలబడటానికి చోటు ఉండదు. మసాలా ప్యాకెట్లు, అల్లం వెల్లుల్లి పేస్టు మీద ఆఫర్ పెట్టాలంటే బరంపురం, రాయగడల్లో ఛాడఖాయికి రెండు రోజుల ముందు పెట్టండి. అదే ఆఫర్ అదే తేదీకి పలాసలో పెట్టారనుకోండి, అక్కడ ఇంకా కార్తీక సోమవారాలు, ఉసిరి చెట్టు కింద వనభోజనాలు నడుస్తుంటాయి, ఎవరూ చూడరు. అక్కడ ఆ వారం వత్తులు, నువ్వుల నూనె, పెసరపప్పు, విస్తరాకుల మీద పెట్టుకోవాలి.

మార్గశిరం కూడా అంతే. లక్ష్మీ గురువారాలు రెండు వైపులా చేస్తారు. విశాఖ కనకమహాలక్ష్మి అమ్మవారి పుణ్యమా అని మన ఉత్తరాంధ్రలో ఆ గురువారాలకి ఎంత జోరో మీకు తెలుసు, ఒడియా వాళ్లు మాణబసా అని ఇల్లంతా బియ్యప్పిండి ముగ్గులతో నింపుతారు. కానీ వాళ్ల మొదటి గురువారం మన మొదటి గురువారం కన్నా రెండు వారాలు, ఒక్కో ఏడాది మూడు వారాలు ముందు వస్తుంది. బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరికాయ, నెయ్యి, పసుపు, ఈ ఐదింటి మీద ఒకటే ఆఫర్ రెండు తేదీలతో నడిపితే చాలు. సరుకు బరంపురం నుంచి ముందు ఒడిశా షాపులకి వెళ్తుంది, ఏం మిగిలిందో చూసి తర్వాత ఇటు పంపొచ్చు. ఇది నష్టం కాదు, మీకు కలిసొచ్చేదే.

జూన్ నడుమ రజ పండగ వస్తుంది, మూడు రోజులు, ఆడపిల్లల పండగ. ఆ పండగకి చేసే పోడపిఠా అనే పిండివంటకి మినప్పప్పు, బియ్యం, బెల్లం, కొబ్బరి, యాలకులు, నెయ్యి కావాలి, వాటితో పాటు గాజులు, పారాణి, పౌడరు కూడా బాగా పోతాయి. ఆ వారం ఇచ్ఛాపురంలో పూర్తిగా తెలుగు బేరమే ఉంటుందనుకుంటే పొరపాటు, అక్కడ ఒడియా ఇళ్లు బోలెడు, అక్కడా కొంచెం పెట్టండి. పలాసకి మాత్రం అక్కర్లేదు. పలాసలో ఇంకోటి కూడా చెప్తాను, ప్యాకెట్ జీడిపప్పు మీద ఆఫర్ అక్కడ పెట్టకండి. ఇంటి పక్కనే జీడి ఫ్యాక్టరీ ఉన్నవాళ్లు ప్యాకెట్ ఎందుకు కొంటారు? అదే రాయగడలో పెట్టండి, పోతుంది.

జవాబు: మూడు_కాయితాలు

నేను అకౌంట్స్ చూస్తాను, కొన్ని చైన్ల లెక్కలు నా దగ్గరే ఉన్నాయి. పైన రాసినవన్నీ బాగున్నాయి, కానీ 'మిగిలింది ఇటు పంపొచ్చు' అన్న మాట దగ్గర ఆగండి. బరంపురం నుంచి రాయగడకి పంపితే ఒకే రాష్ట్రం, ఒకే జీఎస్టీ నంబరు, డెలివరీ చలానా మీద వెళ్లిపోతుంది, పన్ను లేదు. బరంపురం నుంచి ఇచ్ఛాపురం పాతిక కిలోమీటర్లే కావచ్చు, కానీ మీ జీఎస్టీ నంబరు ఒడిశాలో 21తో మొదలవుతుంది, ఆంధ్రాలో 37తో. పాన్ ఒకటే అయినా చట్టం దృష్టిలో ఇద్దరు వేరువేరు వ్యక్తులు. డబ్బు చేతులు మారకపోయినా అది సరఫరాయే, ఐజీఎస్టీతో, అంటే రాష్ట్రం దాటే సరుకు మీద పడే జీఎస్టీతో, ట్యాక్స్ ఇన్వాయిస్ కొట్టాలి. విలువ 50,000 రూపాయలు దాటితే ఇ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే బిల్లు, కూడా కావాలి. కంగారు పడకండి, కట్టిన పన్ను ఆంధ్రా నంబరు మీద క్రెడిట్‌గా, అంటే అక్కడ కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునేలా, తిరిగి వచ్చేదే, అటువైపు పూర్తి క్రెడిట్ తీసుకునే వీలుంటే ఇన్వాయిస్‌లో వేసిన విలువనే ఒప్పుకుంటారు. కాకపోతే ఒకవైపు నగదు బయటికి పోతుంది, ఇంకోవైపు క్రెడిట్ మూలుగుతూ ఉంటుంది. అందుకే చిన్నా చితకా మిగుళ్లు సరిహద్దు దాటించవద్దు, వాటిని అక్కడే తగ్గించి అమ్మేయండి. పెద్ద లాట్ అయితేనే పంపండి.

కంపెనీ స్కీములు కూడా తరచుగా రాష్ట్రాల వారీగా ఉంటాయి. ఒడిశా డిస్ట్రిబ్యూటర్ దగ్గర స్కీమ్‌లో తీసుకున్న సరుకు ఆంధ్రా షాపులో అమ్మి, ఆ తగ్గింపు తిరిగి ఇమ్మని అడిగితే ఇవ్వరు, గొడవ పడి లాభం లేదు. ఆఫర్ లిస్టులో ఒక కాలమ్ పెట్టుకోండి, ఈ తగ్గింపు ఎవరి జేబులోంచి, కంపెనీదా, డిస్ట్రిబ్యూటర్‌దా, మనదా అని. వాళ్ల నుంచి రావాల్సింది ముందే కాగితం మీద రాయించుకోండి, ఆఫర్ అయిపోయాక ఫోన్ చేస్తే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఉచితం అన్న దాని గురించి. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నది 2019 మార్చి 7 నాటి 92 నంబరు జీఎస్టీ సర్క్యులర్ ప్రకారం ఒక ధరకి రెండు వస్తువులు అమ్మినట్టే, ఆ సరుకు కొన్నప్పుడు కట్టిన పన్ను క్రెడిట్ పోదు. అదే ఏమీ కొనకుండానే ఊరికే చేతిలో పెట్టే బహుమతి అయితే ఆ క్రెడిట్ వదులుకోవాలి. కాబట్టి బిల్లులోనే రెండూ కనబడేలా కాంబోగా పెట్టండి.

ఇంకా ముఖ్యమైనది ఎమ్మార్పీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి వచ్చింది, నెయ్యి 12 నుంచి 5కి. ఒకే బార్‌కోడ్‌కి పాత ఎమ్మార్పీ, కొత్త ఎమ్మార్పీ రెండూ నడిచే రోజులు అప్పుడూ ఉన్నాయి, కంపెనీలు ధర మార్చినప్పుడల్లా మళ్లీ వస్తుంటాయి. ఆఫర్ ధరని '95 రూపాయలు' అని గట్టి అంకె వేసి పెట్టారనుకోండి, కొత్త ప్యాకెట్ మీద ఎమ్మార్పీ 92 అని ఉంటే ఎమ్మార్పీ కన్నా ఎక్కువకి అమ్మినట్టు అవుతుంది, తూనికలు కొలతల వాళ్లు వస్తే మీదే తప్పు. అలాంటి ఐటమ్స్‌కి ఎమ్మార్పీ మీద ఇంత శాతం తగ్గింపు అని పెట్టండి, బ్యాచ్ ఏదైనా లెక్క సరిపోతుంది.

గంజాం_కిరాణా

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా రాస్తారనుకోలేదు. అక్కా, కార్తీకం తేదీల సంగతి మా ఇంట్లో తెలుసు గానీ ఆఫర్లకి ఎప్పుడూ ముడిపెట్టలేదు. రాయగడ అన్నా, గ్రూపుల సంగతి అర్థమైంది, సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలు ఉంది, చూశాను. ఇక ఒక్కటే మిగిలింది, ఏ షాపుకి ఎన్ని కేసులు పంపాలన్నది ఎలా తేలుస్తున్నారు? ఓనర్ గారికి అంకె చూపించకపోతే మళ్లీ సమానంగానే పంచమంటారు.

జవాబు: సంతబేరం

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఐదు షాపులకి ఇంత అవసరమా? షాపు మేనేజర్లని ఫోన్‌లో అడగండి, నీకెన్ని కావాలి అని, వాళ్లకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? మేం అలాగే చేస్తాం.

జవాబు: రాయగడ_బజార్

మేనేజర్లని అడగాల్సిందే, కానీ అంకె మన దగ్గర పెట్టుకుని అడగాలి. ఉట్టినే అడిగితే పోయినసారి సరుకు అయిపోయి తిట్లు తిన్నవాడు రెండింతలు అడుగుతాడు, మిగిలిపోయి తిట్లు తిన్నవాడు సగమే అడుగుతాడు. ఇద్దరూ భయంతోనే చెప్తారు.

లెక్క ఇలా. ఉదాహరణకి ఆవనూనె లీటరు సీసా, కేసుకి 12. ఆఫర్ లేని మామూలు వారాల్లో బరంపురంలో 90, రాయగడలో 60, పర్లాకిమిడిలో 30 పోతున్నాయనుకుందాం. వారానికి 180, రెండు వారాల ఆఫర్ కాబట్టి 360. పోయినసారి ఇదే రకం ఆఫర్‌కి అమ్మకం రెండింతలు అయి ఉంటే 720, అంటే 60 కేసులు. ఈ 60 ఒకేసారి పంపకండి. 36 కేసులు ముందు పంపండి, బరంపురానికి 18, రాయగడకి 12, పర్లాకిమిడికి 6. మిగతా 24 గోడౌన్‌లో ఉంచి మొదటి ఆదివారం, మొదటి సంత అయ్యాక అమ్మకం చూసి, ఎవరికి తగ్గితే వాళ్లకి పంపండి. రాయగడకి బండి వెళ్లాలంటే దూరం, ఘాట్ రోడ్డు, వానాకాలంలో ఒక్కోసారి ఆలస్యం, కాబట్టి దానికి మొదటి విడతలోనే కొంచెం ఎక్కువ వేసినా తప్పులేదు. సన్‌ఫ్లవర్ లాంటివైతే ఇచ్ఛాపురానికి రెండో విడత అప్పటికప్పుడు వెళ్తుంది, కానీ అకౌంట్స్ గారు చెప్పిన ఇన్వాయిస్ సంగతి ఉంది కాబట్టి ఆంధ్రా షాపులకి వీలైనంత అక్కడి డిస్ట్రిబ్యూటర్ దగ్గరే తీసుకోండి.

పోయినసారి ఎంత పెరిగిందన్న అంకె తీసేటప్పుడు, సరుకు అయిపోయిన రోజుల్ని లెక్కలోంచి తీసేయండి. మీ ఇచ్ఛాపురంలో సన్‌ఫ్లవర్ మూడో రోజుకే ఖాళీ అన్నారు కదా, పది రోజుల ఆఫర్‌కి ఆ మూడు రోజుల అమ్మకాన్ని పదితో భాగిస్తే అక్కడ గిరాకీ లేదని వస్తుంది, నిజానికి అన్నిటికన్నా ఎక్కువ గిరాకీ అక్కడే. ఓనర్ గారికి ఈ ఒక్క ఉదాహరణ చూపించండి, సమానంగా పంచమని ఇక అనరు.

మేనేజర్లతో మాట్లాడటం దీని తర్వాత. నీకు 12 కేసులు వస్తున్నాయి, ఎక్కువా తక్కువా, ఎందుకు అని అడగండి. రాయగడ అయితే ఆ వారం జేకేపూర్ పేపర్ మిల్లు జీతాలు పడుతున్నాయా అన్న సంగతి ఆయనకి తెలుస్తుంది, మీ ఎక్సెల్‌కి తెలీదు. కారణం చెప్తే మార్చండి, కారణం లేకుండా ఎక్కువ కావాలంటే రెండో విడతలో చూద్దామనండి.

జవాబు: పర్లాకిమిడి_అమ్మాయి

కరపత్రం సంగతి ఎవరూ రాయలేదు. ఐదు కరపత్రాలు అక్కర్లేదు తమ్ముడూ. ముందు పేజీ అందరికీ ఒకటే, బియ్యం, పంచదార, ఉప్పు, టీ పొడి, సబ్బులు, ఇవి ఎక్కడైనా పోతాయి. వెనక పేజీ మాత్రం రెండు రకాలు కొట్టించండి, ఆవనూనె వైపు ఒకటి, సన్‌ఫ్లవర్ వైపు ఒకటి. పర్లాకిమిడి షాపు కోసం రెండు భాషల్లోనూ కొట్టించండి. వెనక పేజీ ప్రింటుకి ఇచ్చే ముందు ఆ షాపు స్టాకు తీసి చూడండి, ర్యాక్‌లో లేనిది కాగితం మీద ఉండకూడదు. సరుకు దారిలో ఉంది, రేపు వస్తుంది అన్న మాట మీద మాత్రం ప్రింటుకి ఇవ్వకండి.